ముగ్గు పోసే ముందు మురుగు దారి



ఇల్లు కట్టుకోబోయేవాళ్లు ఇంజనీరు దగ్గరికి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంటుంది. బోరు ఎక్కడ వేద్దాం, మెట్లు ఏ మూలన వస్తాయి, కారు పడుతుందా, చదరపు అడుక్కి ఎంత అవుతుంది. ఈ స్థలం కింద ఏముంది అని అడిగేవాళ్లు అరుదు. ఊరి బయట కొత్త లేఅవుట్లో ఖాళీ ప్లాటు అయితే సరే, అక్కడ మట్టీ రాయీ తప్ప ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఊరి నడుమ జరిగే కట్టుబడిలో చాలా భాగం పాత ఇల్లు పడగొట్టి కట్టేది, లేదా ఉన్న ఇంటికి వెనక రెండు గదులో పక్కన ఒక వంటిల్లో కలుపుకునేది. అలాంటి చోట నేల కింద ఎవరిదో ఒకరి మురుగు గొట్టం ఉండనే ఉంటుంది. ఆ ఎవరో మీరే కానక్కర్లేదు.

ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. పునాది గుంతలు తీయకముందే ఆ గొట్టం ఏ దారిన పోతోందో ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక ఏం చేయాలి. హైదరాబాదు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవాళ్లకు మట్టి తీరు మారుతుంది, ఆఫీసు పేరు మారుతుంది. మిగతాదంతా ఒకటే.

హైదరాబాదు నేల కింది సంగతి 1908 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నదికి ఎగువన జలాశయాలు కట్టమన్నది ఆయనే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు చెరువుల మాట అందరికీ తెలుసు. నగరానికి భూగర్భ మురుగు పథకం కూడా ఆయన చేతిమీదుగానే రూపుదిద్దుకుందన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. చెరువు కంటికి కనిపిస్తుంది, గొట్టం కనిపించదు కదా. ఆ వరద తర్వాతే లియొనార్డ్ మన్ అనే అధికారి పర్యవేక్షణలో నగరాన్ని గల్లీ గల్లీ కొలిచి పటాలు కూడా గీశారు.

ఆ కాలపు గొట్టాలు గాజుపూత పూసి కాల్చిన మట్టి గొట్టాలు. స్టోన్‌వేర్ పైపులంటాం. రెండున్నర అడుగుల ముక్కలుగా వచ్చేవి. ఒకదాని మూతిలో ఇంకోదాని కొస దూర్చి, సిమెంటు నీళ్లలో ముంచిన నార పురి చుట్టి, పైన సిమెంటు కూరేవారు. అంటే 30 అడుగుల లైనులో ఒక డజను అతుకులు. గొట్టం వందేళ్లయినా చెక్కుచెదరదు, చెదిరేది అతుకు. వేప వేరు, రావి వేరు తడి వెతుక్కుంటూ వచ్చి దూరేది అక్కడే. ఆ తర్వాత వీధుల్లోకి సిమెంటు తూములు, అంటే హ్యూమ్ పైపులు వచ్చాయి. ఇళ్లలోకి పీవీసీ వచ్చింది. యాభై అరవై ఏళ్ల ఇల్లు ఒకటి పడగొడితే ఈ మూడూ ఒకే లైనులో కనిపించడం మామూలే. తాతగారు వేయించినది మట్టి గొట్టం, నాన్నగారు అతికించినది సిమెంటు గొట్టం, పైన వాటా కట్టి అద్దెకిచ్చినప్పుడు కలిపింది పీవీసీ. జేసీబీ పన్ను తగిలితే పీవీసీ వంగుతుందో చీరుతుందో కానీ, మట్టి గొట్టం పెంకులైపోతుంది. దెబ్బ ఒకచోట తగిలినా పగులు నాలుగు ముక్కల దాకా పాకుతుంది.

ఇది ఎవరి ఆస్తి అన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు సులువు. హైదరాబాదు వీధిలో మురుగు లైను జలమండలిది, అంటే నగర నీటి బోర్డుది, వాననీటి నాలా నగరపాలక సంస్థది, ప్రహరీ లోపలిది మీది. మిగతా పట్టణాల్లో అయితే అంతా మున్సిపాలిటీ ఇంజనీరింగు విభాగం చూసుకుంటుంది. వీధి లైను ఎటు పోతుందో, ఎంత లోతున ఉందో సెక్షన్ ఆఫీసులో అడిగితే చెబుతారు. పటం లేకపోయినా అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న లైన్‌మన్ ఒకాయన ఉంటాడు, ఆయన జ్ఞాపకమే పటం. కానీ మీ గేటు లోపలికి వచ్చేసరికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. మంజూరైన ప్లానులో చుక్కల గీత ఒకటి ఉండవచ్చు. ఆ గీతను చూసి గొట్టం వేసిన మేస్త్రిని నేనింతవరకూ చూడలేదు. రాయి అడ్డొస్తే పక్కకు జరుగుతాడు, చెట్టు అడ్డొస్తే చుట్టూ తిప్పుతాడు, పొద్దుగూకితే దగ్గరి దారి చూసుకుంటాడు.

ఇంకో చిక్కు ఉంది. సికింద్రాబాదు పాత బస్తీల్లో, ఇంకా అనేక పాత పేటల్లో ఇళ్ల వరసల వెనక ఒక సన్నటి సందు ఉండేది. ఫ్లష్ దొడ్లు రాకముందు పాకీపని చేసేవాళ్లు ఇళ్లలోకి రాకుండా వెనక నుంచి వచ్చి పోవడానికి వదిలిన సందు అది. ఆ వ్యవస్థ ఎంత నీచమైనదో వేరే చెప్పక్కర్లేదు. భూగర్భ లైను వచ్చినప్పుడు దాన్ని కూడా చాలాచోట్ల ఆ సందులోనే వేశారు. తర్వాత అటు ఇల్లు రెండడుగులు, ఇటు ఇల్లు రెండడుగులు జరిగి సందు మాయమైంది. మ్యాన్‌హోల్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇవాళ కొన్ని ఇళ్లలో అది వంటింటి బండల కింద ఉంది, కొన్ని ఇళ్లలో స్టోరు రూములో బియ్యం డబ్బాల కింద ఉంది. మీరు పెరడు అనుకుంటున్న జాగా కింద ఐదిళ్ల మురుగు పారుతుండవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి మొదటి పనిముట్టు గునపం కాదు, పక్కింటి పెద్దవాళ్లు. వెనకింటి గోడ దగ్గర నిలబడి, "పెద్దమ్మా, మీ నీళ్లు ఎటు పోతయి?" అని అడగండి. "ఎటు పోతయి బిడ్డా, మీ జామచెట్టు కిందకెంచే! మీ మామ, మా ఆయన కూడి వేయించిండ్రు. అప్పుడు ఈ గోడ ఎక్కడిది?" అంటుంది. ఆ ఒక్క మాట ఏ దస్తావేజులోనూ దొరకదు. అంతేకాదు, ఆ నీళ్లు ఎన్నేళ్ల నుంచి అలా పోతున్నాయన్నది కూడా అడిగి తెలుసుకోండి. బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా 20 ఏళ్లు సాగిన వాడుక ఈజ్‌మెంట్ హక్కు అవుతుందని 1882 నాటి చట్టం చెబుతుంది. నా స్థలం, నా ఇష్టం అని రాత్రికి రాత్రి గొట్టం మూసేస్తే మీ ఇంటి గృహప్రవేశానికి ముందు కోర్టు నోటీసు రావచ్చు. మూయకండి, కనుక్కోండి. కనుక్కుంటే తప్పించవచ్చు.

అసలు మాటకు వస్తాను. ఈ వెతుకులాటకు సరైన రోజు పాత ఇల్లు ఇంకా నిలబడి ఉండగానే వస్తుంది. కుళాయి తిప్పితే నీళ్లు వస్తుండాలి, దొడ్లో బకెట్టు పోస్తే ఎక్కడో ఒకచోటికి పోతుండాలి. మనవాళ్లు చేసేదేమిటంటే, ముహూర్తం పెట్టించి, ఇల్లు ఖాళీ చేసి, కరెంటూ నీళ్లూ కట్ చేయించి, కూల్చేవాడికి గుత్తకు ఇచ్చేస్తారు. వాడు తలుపులూ ఇనుమూ ఏరుకుని గోడలు పడగొట్టి పోతాడు. గొట్టాలు కలిసే చోట కట్టిన చాంబర్లన్నీ రాళ్లతో ఇటుకలతో నిండిపోతాయి. గొట్టం మూతులు పూడుకుపోతాయి. అప్పుడు ఇంజనీరును పిలిచి డ్రైనేజీ ఎక్కడుందో చూడమంటారు. ఆ నేల ఇక ఏమీ చెప్పదు. ఇల్లు కూల్చడానికి వారం ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి.

ఆ ఆదివారం ఏం చేయాలంటే, మొదట ఇంట్లో నీళ్లు వాడే చోట్లన్నీ లెక్కపెట్టండి. వంటింటి సింకు, బాత్రూములు, దొడ్లు, బట్టలుతికే బండ, మేడ మీద నుంచి దిగే గొట్టాలు. మేడ గొట్టాల్లో వాననీళ్లవి వేరు, మురుగువి వేరు. ఏది ఎక్కడ నేలలోకి దిగుతోందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. తర్వాత చాంబర్లు వెతకండి. పైకి కనిపించే మూతలు రెండో మూడో ఉంటాయి. కనిపించనివి బండపరుపు కింద, తులసికోట పక్కన, పార్కింగు టైల్సు కింద ఉంటాయి. గునపం మొనతో కాకుండా వెనక కొసతో నేల మీద తట్టుకుంటూ పోండి. గుల్లగా మోగిన చోట ఆగండి. టైల్సు వేసినప్పుడు మూత అందాన్ని చెడగొడుతోందని కప్పించిన ఇళ్లు ఎన్నో. అందం కోసం చేసిన పని కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరు.

మూత తీశాక వెంటనే ముఖం పెట్టకండి. కాసేపు గాలి పోనివ్వండి. బీడీ సిగరెట్టు దగ్గరికి రానివ్వద్దు. తర్వాత టార్చి వేసి చూడండి. లోపల ఎన్ని మూతులున్నాయి, ఏ దిక్కున ఉన్నాయి, ఏది ఎత్తున ఉంది, ఏది పల్లంగా ఉంది. బయటికి పోయే మూతి అన్నిటికన్నా కింద ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో ఒకరు, చాంబరు దగ్గర ఒకరు. ఒక్కో చోట బకెట్టు నీళ్లు కుమ్మరించడం, ఇక్కడ ఏ మూతిలోంచి వచ్చాయో చూడటం. రెండు మూడు లైన్లు కలిసే చోట ఎవరి నీళ్లు ఎవరివో తేలకపోతే రంగు కలపాలి. పసుపు కలిపేవాళ్లు ఉన్నారు, కానీ మురుగులో పసుపు ఏం కనిపిస్తుంది? నీలిమందు మేలు. నాలుగు చుక్కలు చాలు, చీకటి చాంబరులో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

నీలం రాలేదనుకోండి, కంగారు పడక్కర్లేదు. కాసేపు ఆగి ఇంకో రెండు బకెట్లు పోయండి. అయినా రాకపోతే అది మీరు కనిపెట్టిన లైను కాదన్నమాట. ఇంకో లైను ఉండవచ్చు. అతుకు విడిపోయి నీళ్లు మట్టిలోకే ఇంకిపోతుండవచ్చు. ఆ దారిలో నేల ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటుంది, ఎవరూ నీళ్లు పోయని అరటిచెట్టు ఏపుగా పెరుగుతుంది, బొద్దింకలు గుంపులుగా తిరుగుతాయి. లేదా మూడోది, పాత సెప్టిక్ ట్యాంకు. దాని గురించి విడిగా చెప్పాలి, చెబుతాను.

రెండు చాంబర్లు దొరికితే మధ్య గొట్టం తిన్నగా ఉందనుకోవడం సహజం. మంచి ప్లంబరు వేస్తే అంతే ఉంటుంది. అది రుజువు చేసుకోవడానికి వెదురు బద్దో, ప్లాస్టిక్ రాడ్డో ఒక చాంబరులోంచి దూర్చి రెండోదాంట్లోకి వస్తుందేమో చూడాలి. మధ్యలో తట్టుకుంటే, బయట ఉన్న కొస దగ్గర గుర్తు పెట్టి లాగి కొలవండి. 14 అడుగులు పోయిందనుకుందాం. చాంబరు నుంచి 14 అడుగుల దూరంలో నేల మీద ముగ్గుతో ఒక వంపు గీయండి. ఆ గీత దరిదాపుల్లోనే మలుపో, వేరో, విరిగిన ముక్కో ఉంటుంది. ఇంత చిన్న పనికి జాగా మొత్తం తవ్వించేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక లోతు. పునాది లెక్కకు కావలసింది గొట్టం దారి ఒక్కటే కాదు, లోతు కూడా. దీనికి మన మేస్త్రుల దగ్గర ఉన్న లెవెల్ ట్యూబుకు మించిన సాధనం అవసరం లేదు. నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం, రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి. రెండు చాంబర్ల దగ్గరా గోడ మీద ఆ మట్టం గీత పెట్టుకుని, ఆ గీత నుంచి గొట్టం అడుగు దాకా టేపుతో కొలవండి. నాలుగంగుళాల మురుగు గొట్టానికి 40 అడుగుల దూరానికి ఒక అడుగు వాలు, ఆరంగుళాల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు వాలు అన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొచ్చే లెక్క. పదడుగులకు మూడంగుళాలు, రెండంగుళాలు అని గుర్తు పెట్టుకుంటే చాలు. మీ రెండు చాంబర్లు 40 అడుగుల ఎడంలో ఉండి, గొట్టం ఆరంగుళాలదై, మొదటి దాంట్లో మట్టం గీతకు రెండడుగుల కింద ఉందనుకోండి. రెండో దాంట్లో రెండడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఉండాలి. అలా ఉంటే, మధ్యలో 30 అడుగుల దగ్గర మీ పిల్లరు గుంత వచ్చే చోట అది మట్టం గీతకు రెండున్నర అడుగుల కింద ఉంటుందని తవ్వకుండానే చెప్పవచ్చు. అలా కాకుండా రెండో చాంబరులో నాలుగడుగుల లోతుందంటే, ఆ రెండూ ఒకే లైను కాకపోవచ్చు, లేదా మనకు తెలియని చాంబరు మధ్యలో ఒకటి ఉండవచ్చు. రెండడుగుల ఒక అంగుళం మాత్రమే ఉందంటే, ఆ ఇంట్లోవాళ్లు ఏడాదికి రెండుసార్లు ప్లంబరును పిలుస్తుంటారు. అడిగి చూడండి, అవునంటారు.

యంత్రాల మాట కూడా రెండు ముక్కలు చెబుతాను. గొట్టంలోకి కెమెరా పంపి చూపించే మనుషులు ఇప్పుడు పెద్ద నగరాల్లో దొరుకుతున్నారు. కెమెరా తలలో 512 హెర్ట్జ్ సంకేతం పంపే చిన్న పరికరం ఉంటే, పైన రిసీవరు పట్టుకుని నడుస్తూ అది ఎక్కడుందో ఎంత లోతుందో నేల మీదే గుర్తు పెట్టవచ్చు. డబ్బు పెట్టగలిగితే ఇది నిజంగా పనికొచ్చేది. భూమిలోకి రాడార్ పంపి చూసే యంత్రం మీద మాత్రం నాకంత ఆశ లేదు. పొడి ఇసుక నేలలో అది బాగానే చూపిస్తుంది. తడిసిన బంకమట్టిలో, మన గుంటూరు నల్లరేగడిలో సంకేతం కొద్ది లోతులోనే అణగారిపోతుంది. కేబుళ్లు వెతికే యంత్రం తెచ్చి మురుగు గొట్టం కనిపెడతాననే మనిషిని నమ్మకండి. అది ఇనుముకూ రాగికీ పలుకుతుంది, మట్టి గొట్టానికీ పీవీసీకీ పలకదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ 811కు ఫోను చేస్తే వచ్చి గుర్తులు పెట్టిపోతారని చెబుతుంటారు. నిజమే, 2007 నుంచి ఆ నంబరు ఉంది. కానీ ఇంటి నుంచి వీధి లైను దాకా ఉన్న సొంత మురుగు గొట్టాన్ని అక్కడ కూడా సాధారణంగా గుర్తు పెట్టరు, సొంతదారే వెతికించుకోవాలి. మన దేశంలో 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చారు. అది ముఖ్యంగా రోడ్లు తవ్వే సంస్థలు కేబుళ్ల సొంతదారులకు ముందుగా కబురు పెట్టడానికి. మీ పెరటి మోరీ సంగతి దానికి తెలియదు.

కాబట్టి చివరికి గునపమే దిక్కు. హైదరాబాదు నేల దీనికి చాలా అనుకూలం. ఇక్కడ అడుగు రెండడుగుల కింద గట్టి మొరం తగులుతుంది. ఎప్పుడో తవ్వి పూడ్చిన కాలువ ఎంత పాతదైనా ఆ మొరం అంత గట్టిపడదు. గొట్టం ఉందనుకున్న దారికి అడ్డంగా అడుగుకో పోటు వేసుకుంటూ పోతే, గట్టి, గట్టి, మెత్తన, మెత్తన, గట్టి అని చేతికే తెలుస్తుంది. పోటు మరీ బలంగా వేయకండి, వెతుకుతున్న గొట్టాన్నే పొడుస్తారు. మెత్తన తగిలిన చోట ఒక పరీక్ష గుంత తీయించండి, చేత్తోనే, జేసీబీ వద్దు. గుంత గోడ చూస్తే తేడా కనబడుతుంది. కదలని నేల ఒకే రంగున పొరలుగా ఉంటుంది. పూడ్చిన మట్టిలో ఇటుక ముక్కలు, బొగ్గు, పింగాణీ పెంకులు కలగాపులగంగా ఉంటాయి. గుంత ఐదడుగులు దాటితే పక్కలకు ఆధారం పెట్టకుండా మనిషిని దించవద్దు. పూడ్చిన మట్టి హఠాత్తుగా జారుతుంది.

సెప్టిక్ ట్యాంకు మాట చెబుతానన్నాను. వీధికి డ్రైనేజీ లైను రాకముందు కట్టిన చాలా ఇళ్లకు అది ఉండేది. లైను వచ్చాక గొట్టం మార్చి కలిపేసుకున్నారు, ట్యాంకును ఖాళీ చేసి పూడ్చినవాళ్లు తక్కువ. పైన బండలు పరిచి ఊరుకున్నారు. దాని ఆచూకీకి ఇక్కడ వాస్తు సాయపడుతుంది. వాస్తు చూసి కట్టిన ఇంట్లో సెప్టిక్ ట్యాంకు చాలావరకు వాయవ్యంలో ఉంటుంది, మొదట అక్కడ తట్టి చూడండి. వాస్తును నమ్మకపోయినా, కట్టినవాళ్లు నమ్మారు కదా, మనకు అది చాలు.

దొరికాక ఒక్క మాట తప్పనిసరిగా గుర్తుపెట్టుకోండి. దాంట్లోకి మనిషిని దించకూడదు. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ నిలిచి ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే జాగ్రత్త పడతాం అనుకుంటారు. మోతాదు పెరిగితే ఆ వాయువు ముక్కుకు వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది. ఒకడు పడిపోయాడని రెండోవాడు దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. పేపర్లో మనం చదివే వార్తలన్నీ ఇలాంటివే. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల చేత సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణానికి పరిహారం 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. యంత్రం ఉన్న బండిని పిలిపించి తోడించండి, పై బండలు పగలగొట్టి గాలికి వదిలేయండి, తర్వాత మొరంతో పొరలు పొరలుగా దిమ్మిస చేయించండి. మీ పిల్లరు అక్కడే రావాల్సి ఉంటే ఆ గుంతను ట్యాంకు అడుగు దాటి గట్టి నేల దాకా తీసుకుపోవాలి. పూడ్చిన మట్టి మీద పునాది నిలబడదు. ఇక వీధిలో ఉన్న మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు ముట్టుకోవద్దు. హైదరాబాదులో అయితే జలమండలి 155313 నంబరుకు చెప్పండి, వాళ్లే వచ్చి తెరుస్తారు.

అన్నీ దొరికాయి. ఇప్పుడు ఆ గొట్టాల దారిని ఇంటి ప్లాను మీద ఎక్కించండి. సగం తగువులు ఇక్కడే తీరిపోతాయి. పిల్లరు ఒక అడుగు జరిపితే గొట్టం తప్పుతుంది, లేదా గొట్టాన్ని ప్రహరీ వారగా తిప్పితే పిల్లరు తప్పుతుంది. గొట్టం తిప్పేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఒక చాంబరు కట్టించండి. లంబకోణంలో ఎల్బో వేసి మట్టి కప్పేస్తానని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. పునాది అడుగు నుంచి బయటికి, కిందికి 45 డిగ్రీల ఏటవాలు గీత ఊహించుకోండి. ఆ గీతకు పైన గొట్టం ఉంటే పునాది బరువు దాని మీద పడదు. కింద ఉందంటే పడుతుంది. అప్పుడు పునాదినైనా దించాలి, గొట్టం చుట్టూ కాంక్రీటైనా పోయాలి. గొట్టం పునాది గోడలోంచే పోక తప్పదంటే, చుట్టూ రెండంగుళాల ఖాళీ వదిలి పైన చిన్న లింటెల్ పోయండి. గోడ కుదురుకున్నప్పుడు గొట్టం మీద కూర్చోకుండా ఉంటుంది.

మంచినీళ్ల సంపు సంగతి మరవద్దు. మంచినీళ్ల గొట్టానికీ మురుగు లైనుకూ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలని ప్రజారోగ్య ఇంజనీర్ల నియమం. వంద గజాల జాగాలో మూడు మీటర్లు ఎక్కడ దొరుకుతాయి అంటారు, నిజమే. కనీసం రెండింటినీ చెరో మూలకు పెట్టండి. పాత మురుగు లైను ఎక్కడుందో తెలియకుండా ఈశాన్యం కదా అని సంపు తవ్వి, దాని గోడకు ఆనుకుని పగిలిన మట్టి గొట్టం ఉన్న ఇళ్లున్నాయి. సంపు నిండా ఉన్నంతసేపు ఫరవాలేదు, ఖాళీ అయ్యేసరికి బయటి చెమ్మ లోపలికి వస్తుంది. బోరుకూ ఇదే మాట. మన దగ్గర భూమిపూజ మర్నాడే బోరు బండి వచ్చి నిలబడుతుంది, దానికి అడ్వాన్సు ఇచ్చే ముందే ఈ పటం మీ చేతిలో ఉండాలి.

ఎత్తులు కూడా చూసుకోండి. రోడ్డు వేసినప్పుడల్లా పెరిగింది, పాత ఇల్లు గుంతలో పడింది, కొత్త ఇల్లు ఎత్తుగా కడదామనుకుంటారు. మంచిదే. కానీ సెల్లారులో బాత్రూము పెడితే, దాని నేల వీధి మ్యాన్‌హోల్ మూత కన్నా కింద ఉంటుంది. పెద్ద వాన పడి వీధి లైను నిండినప్పుడు ఊళ్లో నీళ్లన్నీ మీ సెల్లారులో తేలతాయి. నీరు పల్లమెరుగు. పంపు పెట్టి పైకి ఎత్తి పంపడం తప్ప దీనికి వేరే మందు లేదు.

స్థలం పక్కన నాలా ఉంటే, పైన స్లాబు వేసి కప్పేసినా అది నాలాయే. 2012 నాటి 168 జీవో ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న నాలా అంచు నుంచి 2 మీటర్లు, అంతకన్నా వెడల్పైతే 9 మీటర్లు వదలాలి. పాత గ్రామ నక్షాలో నాలా గీత ఉందేమో ప్లాటు కొనేటప్పుడే చూసుకోవాలి. కొన్నాక చూస్తే ఏడుపే.

చివరగా కొత్త లైను వేశాక మట్టి కప్పే ముందు రెండు పనులు. కింది మూతి బిగించి, గొట్టం నిండా నీళ్లు పోసి ఓ పూట ఉంచండి. మట్టం దిగితే అతుకు కారుతోందన్నమాట. తర్వాత టేపు పరిచి ఫొటోలు తీయండి. ప్రతి చాంబరు, ప్రతి మలుపు రెండు స్థిరమైన గోడల నుంచి ఎంత దూరమో, ఎంత లోతో కాగితం మీద రాయండి. ఒక ప్రతి ఇంటి దస్తావేజుల ఫైలులో, ఇంకొకటి కరెంటు బోర్డు తలుపు లోపలివైపు. వెనకింటి నీళ్లు కూడా మీ లైనులో కలుస్తుంటే మూడో ప్రతి వాళ్లకివ్వండి, ఇచ్చినట్టు ఒక సంతకం తీసుకోండి.